చెవులపిల్లి తీగ ఆకు ఎందుకు చీలింది

ఒకప్పుడు ఒక చెవులపిల్లి సముద్రాన్ని ఆపేసింది. ఒంటరిగా, ఉత్త కాళ్లతో. అంటే, ఆపేశానని అదే చెప్పుకు తిరిగింది. నిజానికి కెరటం నురగ కాలికి తగిలితే చాలు, మూడు గంతుల్లో తుప్పల్లో దూరేది.

చెవులపిల్లి అంటే కుందేలే. ఆ చెవులు చూశాక ఒడ్డునున్న వాళ్లకి ఇంకో పేరు తోచలేదు.

ఆ రోజుల్లో ఒడ్డున ఇసుకకి కుదురుండేది కాదు. పొద్దున గుమ్మం ముందున్న దిబ్బ సాయంత్రానికి పొయ్యి దగ్గరుండేది. చేపలు ఎండబెట్టుకు బతికే పరదేశమ్మ గుడిసె అప్పటికే రెండుసార్లు పూడిపోయింది. మూడోసారి పూడితే తవ్వే ఓపిక లేదనీ, ఊరే వదిలిపోతాననీ అంది. ఆ మాటకి చెవులపిల్లి గుండె జారిపోయింది. పరదేశమ్మ పెరట్లో చిలగడదుంపల మడి ఉంది మరి.

పరదేశమ్మ చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఏరు సముద్రంలో కలిసే చోట ఒక తీగ చూసింది. గుండ్రటి ఆకు, ఊదారంగు పువ్వు. ఉప్పుగాలికి వాడని మొండిఘటం. తెచ్చి దిబ్బ మీద నాటింది.

తీగ చకచకా పాకింది. కానీ అప్పట్లో దానికి ఒక్కటే వేరు. గాలి వచ్చి చూసి నవ్వింది. అమావాస్య పోటుతో పాటు వస్తాననీ, ఒక్క లాగు లాగితే తీగా దిబ్బా కలిసి గుడిసె మీద పడతాయనీ చెప్పి పోయింది.

గుడిసెకి ఆసరాగా తాటిదుంగలు తేవడానికి పరదేశమ్మ బయల్దేరింది. "ఒరే చెవులోడా, నేనొచ్చేసరికి ఎనిమిది రోజులు. తీగని మేకలు ముట్టకుండా చూడు."

"నేనుండగా మేకేంటి పిన్నీ, సముద్రమే రాదు."

మేకలు రాలేదు. ఆకలి వచ్చింది.

చెవులపిల్లి తీగని కిందా మీదా చూసింది. పాకడం చిలగడదుంప తీగలాగే, పువ్వు కూడా అచ్చం అలాగే. ఓహో, పిన్ని దుంపతీగని ఇక్కడ దాచిందన్నమాట, అనుకుంది. ఒక ఆకు కొన మధ్యలో కొరికింది. తెల్లటి పాలు కారాయి. ఒకటే చేదు. నోరు అటు తిరిగి ఇటు తిరిగింది.

తను చిలగడదుంపని కాననీ, అది తన పెదనాన్న కూతురనీ తీగ మొత్తుకుంది. దుంపతీగలన్నీ అలాగే అంటాయిలే అని చెవులపిల్లి పక్క ఆకు కొరికింది. అదీ చేదే. తర్వాతది తియ్యగా ఉంటుందేమో! అలా దిబ్బ ఈ చివర నుంచి ఆ చివర దాకా వెళ్లింది.

వెనక్కి తిరిగి చూస్తే ఆకులన్నీ నడుమ చీలి ఉన్నాయి. పిన్ని చూస్తే ఇంకేమన్నా ఉందా? వెనక కాళ్లతో తడి ఇసుక ఎగదోసి, కణుపు కణుపునా తీగని కప్పేసింది.

ఇసుక కింద ఆ కణుపులకి చల్లగా తగిలింది. ఒక్కో కణుపూ ఒక్కో వేరు వేసింది.

అమావాస్య నాడు మిట్టమధ్యాహ్నం గాలి ఊళ వేసుకుంటూ వచ్చింది. చెవులపిల్లి చేపల తట్ట కింద దూరింది. గాలి మొదటి వేరు పీకేసింది. తీగ కదల్లేదు. రెండో వేరు పీకింది. ఊహూఁ.

"ఎన్ని వేళ్లే నీకు?"

"ఎంచుకుంటూ రా," అంది తీగ.

ఎంచీ ఎంచీ గాలికి ఆయాసమొచ్చింది. దిబ్బ దిబ్బలాగే ఉంది.

సాయంత్రం దుంగలతో వచ్చిన పరదేశమ్మ నమ్మలేకపోయింది. చెవులపిల్లి తట్ట కింద నుంచి వచ్చి చెవులు నిక్కబెట్టింది. ప్రతి కణుపూ పాతింది తనేనంది. దుంపతీగ అనుకుని ఎవరూ పీకకుండా, గుర్తుగా ప్రతి ఆకునీ తన రెండు చెవుల్లా కత్తిరించానంది.

ఊరంతా మెచ్చుకుంది. తీగకి చెవులపిల్లి పేరే పెట్టారు. పరదేశమ్మ మురిసిపోయి, అప్పుడే పుట్టిన గుండ్రటి ఆకొకటి దాని నోటి ముందు పట్టింది. "ఎంత చక్కగా కోశావురా. నా కళ్లముందు ఇదొక్కటి కొయ్యి."

చెవులపిల్లి ఆకు వైపు చూసింది. ఊరి వైపు చూసింది. కొరికింది. నోరు అటు తిరిగి ఇటు తిరిగింది.

"పిన్నీ," అంది ఉమ్మేస్తూ, "అది కోత కాదు. దుంపతీగ అనుకుని తిన్నాను. మొదటి ఆకే చేదని తెలిసింది. అయినా చివరి ఆకు దాకా కొరికాను."

పరదేశమ్మ దుంగ మీద కూలబడి నవ్వింది. తీగ పువ్వులన్నీ నోరు తెరిచి నవ్వాయి. వీడిక మళ్లీ కొరకక్కర్లేదు, నా ఆకుల్ని నేనే చీల్చుకుని కంటానంది తీగ.

అప్పటినుంచే ఆ తీగ ఆకు రెండు చెవుల్లా చీలి పుడుతోంది. కణుపు ముక్క తడి ఇసుకలో పెడితే చాలు, వేరేస్తోంది. పువ్వు పొద్దున్నే విరగబడి నవ్వి, ఎండెక్కాక అలిసి ముడుచుకుంటోంది. చెవులపిల్లి మూతి మాత్రం ఊరికే అటూ ఇటూ కదులుతూనే ఉంటుంది. ఏదో నములుతోందనుకుంటారు చూసినవాళ్లు. కాదు. ఆ చేదు ఇంకా పోలేదు.