సర్వాధికారి గారి ఖాళీ విస్తరి

చింతలగిరిని ఏలే గోపాల భూపతికి ఒకనాడు పొద్దున్నే ధాన్యపు కొట్లు చూడాలని బుద్ధి పుట్టింది. వెళ్లి చూశాడు. తూకం వేసే ముసలాయన తక్కెడ పట్టుకునే కునుకు తీస్తున్నాడు. రాజుకి కోపం రాలేదు, ఆలోచన వచ్చింది. ఆయనకి ఆలోచన వస్తే సాయంత్రానికి ఊళ్లో దండోరా పడటం మామూలే.

"కోటలో తూకందార్లు కావాలహో! చదవడం, రాయడం, లెక్క కట్టడం వచ్చుండాలి. వయసు ఇరవై ఐదు దాటకూడదహో!"

మర్నాడు కోట గుమ్మం దగ్గర వరస కట్టినవాళ్లలోంచి ఓబులు అనే అతన్ని కావలివాళ్లు పక్కకి లాగేశారు. అతనికి ఇరవై ఎనిమిది. ఏటవతల గూడెం మనిషి. పాత రాజుగారి రోజుల్లో ఆ గూడెంవాళ్లని బడి అరుగు కూడా ఎక్కనిచ్చేవారు కాదు. గోపాల భూపతి గద్దెనెక్కాకే వాళ్లకి బడి తలుపు తీశారు. అప్పటికి ఓబులుకి మీసాలొచ్చేశాయి. అయినా పలకలు పట్టుకున్న పిల్లల మధ్య చోటు చేసుకుని కూర్చున్నాడు. వాళ్లు నవ్వితే తనూ నవ్వాడు. అఆల దగ్గర మొదలుపెట్టి లెక్కల దాకా వచ్చేసరికి ఈ ఇరవై ఐదు కాస్తా దాటిపోయింది.

"తలుపు తీసేదాకా ఆగమన్నారు, ఆగాం. ఇప్పుడు ఆగినందుకే పొమ్మంటున్నారయ్యా," అన్నాడు ఓబులు, అటుగా వస్తున్న తిప్పనతో.

తిప్పన రాజుగారి తాంబూలపు పెట్టె మోసేవాడు. రాజు ఎక్కడుంటే అక్కడ, ఆయన వెనకే, ఆ పెట్టెతో నిలబడటం అతని కొలువు. ఓబులు మాట వినగానే అతనికి మనసు చివుక్కుమంది. తిన్నగా సభకి వెళ్లి రాజుగారికి తమలపాకు చిలకలు చుట్టి ఇస్తూ చెప్పేశాడు.

"ఆ గూడెంవాళ్లకి వయసులో ఐదేళ్లు సడలించండి ప్రభూ. పరీక్ష మాత్రం అందరికీ ఒకటే పెట్టండి."

సర్వాధికారి నరసరాజు గొంతు సవరించుకున్నాడు. కోటలో కట్టుబాట్లన్నీ ఆయన చేతిలోవి. రాజు భోజనం ముగించి లేచాక పంక్తిలో ఇంకెవరూ ముద్ద ఎత్తకూడదన్న కట్టుబాటునైతే ఆయన కంటికి రెప్పలా కాపాడేవాడు. కిందటి ఉగాదికి సాక్షాత్తూ రాజుగారి వియ్యంకుడి చేతిలోని బూరెని కింద పెట్టించాడు.

"ఇరవై ఐదంటే ఇరవై ఐదే ప్రభూ. ఎందుకు ఆలస్యమైంది, ఎవరివల్ల ఆలస్యమైంది అని ఆరా తీస్తూ కూర్చుంటే ఇక కట్టుబాటు దేనికి? ఆలస్యమైంది. అంతే."

రాజుకి ఆ రోజు ఏమీ తోచడం లేదు. ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"తిప్పనా! రేపు మధ్యాహ్నం భోజనాలయ్యేలోగా ఇది న్యాయమేనని సర్వాధికారి నోటితోనే అనిపించు. అనిపిస్తే ఐదేళ్లు ఇస్తాను. లేకపోతే ఓబులూ ఇంటికే, ఆ పెట్టె దించేసి నువ్వూ ఇంటికే."

"చిత్తం," అన్నాడు తిప్పన. చిత్తం అనడం తేలికే, ఇంటికెళ్లి పెళ్లాంతో ఆ మాట చెప్పడమే కష్టం. అందుకని ఇంటికి వెళ్లకుండా వంటశాలకి వెళ్లి, పెద్ద వంటవాడితో కాసేపు గుసగుసలాడి వచ్చాడు.

మర్నాడు పనసపొట్టు కూర. ఆ కబురు తెలిసి సర్వాధికారి పొద్దుటి ఫలహారం కూడా మానేసి వచ్చాడు. అందరితోపాటే కూర్చున్నాడు. అన్నం గంప సరిగ్గా ఆయన దగ్గరికొచ్చేసరికి నిండుకుంది. "ఇదిగో, తెచ్చేస్తున్నా బాబూ," అంటూ వడ్డించేవాడు లోపలికి వెళ్లి అక్కడే ఉండిపోయాడు. కూర పక్కాయన దగ్గరే అయిపోయింది. పప్పు ఆయన్ని దాటుకుని వెళ్లిపోయింది. విస్తట్లో ఉప్పు, కాస్త ఆవకాయ మాత్రం ఉన్నాయి. నోరు తెరిచి అడగడానికి హోదా అడ్డొచ్చింది.

చివరికి పొగలు కక్కే అన్నం, కూర, పప్పు, నెయ్యి అన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. సర్వాధికారి గబగబా కలిపి మొదటి ముద్ద ఎత్తాడు. అంతలో రాజు ఉత్తరాపోశన పట్టి లేచాడు. పంక్తంతా లేచింది.

తిప్పన వినయంగా ముందుకొచ్చాడు.

"ముద్ద దించండి సర్వాధికారి గారూ. కట్టుబాటు."

"ప్రభూ! ఇదెక్కడి అన్యాయం? నాకిప్పుడేగా వడ్డించారు!"

"అందరితోపాటే కూర్చున్నారు కదండీ?" అన్నాడు తిప్పన.

"కూర్చుంటే? విస్తట్లో అన్నం పడొద్దూ? కూర్చున్నప్పటి నుంచి కాదయ్యా, వడ్డించినప్పటి నుంచి లెక్కెయ్యాలి! ఆలస్యం చేసింది మీ వంటవాళ్లు. ఎంతసేపు ఆపారో అంతసేపూ నాకు సడలించాలి!"

"అది న్యాయమేనంటారా?"

"ముమ్మాటికీ న్యాయమే!"

"విన్నారు కదా ప్రభూ. ఓబులు విస్తట్లో అక్షరం పడింది మీసాలొచ్చాక. అతనికీ వడ్డించినప్పటి నుంచే లెక్కేయించండి."

సర్వాధికారి మొహం కందగడ్డ అయింది. ముద్ద ఇంకా చేతిలోనే ఉంది.

"నేనడిగేది భోజనం సంగతయ్యా!"

"ఓబులు అడిగేదీ అదేనండీ."

అందరికంటే ముందు నవ్వింది రాజుగారి వియ్యంకుడు. ఆ తర్వాత పంక్తంతా గొల్లుమంది. రాజు నవ్వుతూనే మళ్లీ పీట మీద కూర్చున్నాడు.

"ఏటవతలివాళ్లకి ఐదేళ్లు ఇచ్చాం. ఓబులుని పరీక్షకి పిలవండి. సర్వాధికారీ, మీరు కడుపునిండా తినండి, నేనిక్కడే కూర్చుంటాను. తిప్పనా, ఇకనుంచి నువ్వు వెనక నిలబడక్కర్లేదు. మాతోపాటే పంక్తిలో కూర్చో."

"మహాప్రసాదం ప్రభూ. నా విస్తరి మాత్రం సర్వాధికారి గారి విస్తరికి ముందు వేయించండి."

సర్వాధికారి నోటినిండా పనసపొట్టు కూర కుక్కుకుంటూనే, తన విస్తరిని గబుక్కున దగ్గరికి లాక్కున్నాడు.