పొద్దున పులుపు, సాయంత్రం చప్పన

అనగనగా కొండవాలున ఒక ఊళ్ళో, ఓబులమ్మ అని ఒక పిల్ల ఉండేది బంగారూ. పన్నెండేళ్లు. మేకలు కాసేది. తల్లి లేదు. వాళ్లన్న సుంకమ్మను పెళ్లి చేసుకొచ్చాక, ఆ వదినే పిల్లకు తల దువ్వేది, పక్కలో పడుకోబెట్టుకునేది.

ఒక ఏడు వానల్లేవు. చింతచెట్లు కాయలేదు. అప్పుడే సుంకమ్మ కడుపుతో ఉంది. నోరంతా పులుపు కోరేది. తెల్లారుతూనే చేనుగట్టుకు పోయి గంగపాయల ఆకు గిల్లి నమిలేది. ఎంత పుల్లగా ఉండేదో!

ఆ తర్వాత కాళ్లు వాచి మంచం పట్టింది.

"పాపా, నువ్వే రోంత ఆకు తెచ్చియ్యే" అంది.

ఓబులమ్మ మేకల్ని తోలుకొచ్చేటప్పుడు, పొద్దుగూకే వేళ కోసుకొచ్చింది. వదిన నమిలింది. చప్పగా ఉంది. మర్నాడూ తెచ్చింది. అదీ చప్పనే. మూడోనాడు సుంకమ్మ ఉమ్మేసింది.

"ఏదో కలుపు పీక్కొచ్చి నన్ను ఏమారుస్తావా? నేనంటే నీకింతేనా?"

"ఒట్టు వదినా, అదే ఆకు!"

సుంకమ్మ గోడవైపు తిరిగింది. ఆ వారమే పుట్టింటివాళ్లొచ్చి కాన్పుకు తీసుకుపోయారు. బండెక్కేటప్పుడు కూడా పిల్లతో మాట్లాడలేదు.

అప్పుడు ఓబులమ్మ ఒకరోజంతా గట్టుమీదే కూర్చుంది. ఒకే మొక్క ఆకు మూడుసార్లు కొరికింది. తెల్లారి పులుపు. మధ్యాహ్నం రవంత. సాయంత్రం చప్పన.

ఎందుకంటావా? వానల్లేనప్పుడు ఆ మొక్క పగలంతా ఆకులమీదుండే సన్నసన్న నోళ్లు మూసుకుంటుందమ్మా, ఒంట్లో నీళ్లు ఎండకు పోతాయని. చీకటి పడ్డాక తెరిచి గాలి పీల్చి, దాన్ని పులుపు చేసి దాచుకుంటుంది. పొద్దెక్కాక ఆ పులుపునే కరిగించి, వెలుతురుతో తన తిండి వండుకుంటుంది.

మర్నాడు తెల్లవారుజామునే ఓబులమ్మ బుట్టనిండా ఆకు కోసుకుని వదిన ఊరికి నడిచింది. దారిపొడుగునా ఎండ. పొద్దు వాలేసరికి చేరింది.

సుంకమ్మ ఆడబిడ్డను కని మూడునాళ్లైంది. జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది. ఓబులమ్మ ఆకు నోట్లో పెట్టింది.

"పుల్లగుందా వదినా?"

సుంకమ్మ మెల్లగా నమిలి మింగింది. పిల్ల తల నిమిరింది.

"పుల్లగుందే పాపా. శానా పుల్లగుంది."

ఆ తర్వాత కళ్లు మూసుకుంది. ఓబులమ్మ బుట్టలోంచి ఒక ఆకు తీసి కొరికింది. చప్పగా ఉంది. కోసిన ఆకైనా ఎండ తగిలి, పులుపంతా దారిలోనే పోయింది. వదిన తనకోసమే అబద్ధమాడిందని తెలిసి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

దీపాలు పెట్టేవేళకు సుంకమ్మ పోయింది. బిడ్డ ఆకలికి గుక్కపట్టింది. ఓబులమ్మ వదిన పుట్టింటివాళ్ల ముందు చేతులు చాచి, "ఇటియ్యండి, నేను పెంచుకుంటా" అంది. మేకపాలు పట్టి పెంచింది కూడా.

కథ కదిలె కంచికి,
కునుకు వచ్చె కంటికి.