మూడు ‘సరే’ల కోసం ఆగిన ఉడత

కొండవాగు ఒడ్డున ఒక ఉడతమ్మ ఉండేది. ముగ్గురు పిల్లల తల్లి. నిరుడు వానాకాలానికి దాచిన గింజలు ఎక్కడ పాతిపెట్టిందో మరిచిపోయి, పిల్లల్ని పస్తులుంచింది. ఆ బాధ దాన్ని ఏడాదంతా తొలిచేసింది. అందుకే ఈసారి దాచే చోట్లన్నీ కాకికి, కుందేలుకి, తాబేలుకి కూడా చూపించాలనుకుంది. ఒకరు మరిచినా మరొకరికి గుర్తుంటుంది కదా!

ఆలోచన మంచిదే. దానికి తగిలించిన షరతే కొంప ముంచింది. గింజ పాతగానే ముగ్గురూ వచ్చి చూసి ‘సరే’ అనాలట. అప్పటిదాకా ఇంకో గింజ ముట్టనే ముట్టదట.

కాకి కొమ్మ మీంచే చూసి ‘సరే’ అనేసేది. కుందేలు నాలుగు గెంతుల్లో వచ్చేది. తాబేలు తాత చోటు నుంచి చోటుకి నడిచొచ్చేసరికి పొద్దు వాలిపోయేది. అంతసేపూ ఉడత చేతులు కట్టుకుని కూర్చునేది. వాగు పక్కన ఏరి తెచ్చిన గింజల కుప్ప అలాగే పడి ఉండేది.

“మబ్బులు చూశావా ఉడతమ్మా? మా ఇద్దరి మాట చాలదూ? తాతకి తర్వాత చూపిద్దువుగాని” అన్నాడు కాకి బావ.

“చాలదు బావా. నిరుడు నా పిల్లల ఏడుపు నువ్వు వినలేదు.”

తాబేలు తాతకే సిగ్గేసింది. “నా కోసం ఆగకు తల్లీ. నువ్వు పాతుకుంటూ పో. నేను మెల్లిగా వెనకాలొచ్చి అన్నీ చూసుకుంటాను.”

“ఈలోగా ఏదైనా చోటు మరిచిపోతే?”

“పోతే ఒకటో రెండో పోతాయి. అంతేగా!”

ఉడత ససేమిరా అంది.

పదకొండో గింజ పాతిన రోజు, తాత ఇంకా సగం దారిలో ఉండగానే వాన విరుచుకుపడింది. వాగు పొంగి కుప్పనంతా ఊడ్చుకుపోయింది. ఉడత ఒడ్డు వెంట అరుస్తూ పరిగెత్తింది. ఒక్క గింజ కూడా చేతికి అందలేదు.

వాన తెరిపివ్వగానే ముగ్గురూ వచ్చి, మిట్ట మీద గింజలు పాతిన చోట్లన్నీ పొల్లుపోకుండా చూపించారు. ఆ కాసిని గింజలూ నాలుగు రోజులకే అయిపోయాయి. అయిదో రోజు చిన్న పిల్ల తల్లి పొట్టలో తల దూర్చి అడిగింది.

“అమ్మా, మళ్ళీ మరిచిపోయావా? ఇంకెక్కడ దాచావు?”

ఉడత పిల్లని దగ్గరికి లాక్కుంది. తాత మాట ఒక్కసారి విని ఉంటే ఎంత బాగుండేది!

“మరిచిపోలేదమ్మా. మిగతావి అసలు దాచనే లేదు.”

నీతి: అందరూ సరే అనేదాకా చేతిలో పని ఆపుకుంటే, వాళ్ళు సరే అనేసరికి చేయడానికి పనే మిగలదు.