ఎరువు తాడు, నక్క మేస్త్రి

ఆ వేసవి కొండవాగు ఎండిపోయి అడవి మొత్తం గొంతు తడారిపోయింది. బావి తవ్విద్దామని ఏనుగు దొరగారు అన్నారో లేదో, నక్క ఆ పని తన్నుకుపోయింది. మాటలతో కోటలు కట్టేదానికి బావి ఒక లెక్కా! మట్టి లాగడానికి ఎద్దును పెట్టింది. తవ్వడానికి ముగ్గురు పందికొక్కు అన్నదమ్ముల్ని దింపింది. కొండవతల కోతుల దగ్గర, పనవగానే తిరిగిచ్చేస్తానని, నారతాడు ఒకటి ఎరువు తెచ్చింది.

"నేను చాలనేదాకా తవ్వండి. ఇంకెవరు చెప్పినా ఆపారో, రేపట్నుంచి పన్లోకి రావద్దు" అని పందికొక్కులకు మరీ మరీ చెప్పింది.

ఒకనాటి మధ్యాహ్నం ఊట పడింది. తట్టలో తడిమట్టి చూడగానే నక్క గంతులేసింది.

"పని అయిపోయింది! సాయంత్రం దొరగారొస్తున్నారు. గట్టు అద్దంలా ఉండాలి. తట్టలు కడిగి బోర్లించు. గిలక ఊడదియ్. తాడు కోతులకు పంపించెయ్. ఎరువు సొమ్ము ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టదు."

"మేస్త్రీ, వాళ్ళింకా లోపలే ఉన్నారండీ" అంది ఎద్దు.

"ఎవరు?"

"పందికొక్కులు. నీళ్ళు ఊరుతున్నాయి. ముందు వాళ్ళను లాగి, ఆనక తాడు పంపిద్దాం."

"పని అయిపోయాక పనివాళ్ళెందుకుంటారు లోపల? వాళ్ళే వస్తార్లే."

"తాడు లేకుండా ఎట్లా వస్తారండీ?"

"ఎద్దులా మాట్లాడకు!"

ఎద్దే కాబట్టి ఎద్దు ఆ మాటను తప్పు పట్టలేదు. గట్టు మీంచి వంగి కేకేసింది. "తమ్ముళ్ళూ! పని అయిపోయిందిరా, తట్టలో ఎక్కండి!"

"మేస్త్రిని చెప్పమను అన్నా" అని లోపల్నుంచి పెద్ద పందికొక్కు. "నీ మాట విని ఎక్కితే రేపు మా పిల్లలకు తిండెవరు పెడతారు?"

ఎద్దు మళ్ళీ నక్క దగ్గరికి పరిగెత్తింది. "మీరొక్కసారి గట్టుదాకా వచ్చి చాలని చెప్పండి మేస్త్రీ. ఒక్క మాట!"

"నాకెక్కడిదిరా తీరిక? ఉపన్యాసం తయారు చేసుకోవద్దూ?"

ఈలోగా నక్క కబురందుకుని కోతి రానే వచ్చింది, తాడు చుట్టుకుని చెట్లమీదుగా చక్కా పోయింది. ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ళను చూశాం గానీ, ఏటి మధ్యలో మనుషులుండగా తగలేసినవాళ్ళను ఇప్పుడే చూస్తున్నాం. ఎద్దు మాత్రం బావి పక్కనే నిలబడి లోపలి గోకుడు చప్పుడు వింటూ, "బతికే ఉన్నారు, బతికే ఉన్నారు" అనుకుంటూ ఉండిపోయింది.

సాయంత్రానికి బావి అంచునే వేదిక లేచింది. దొరగారు కాస్త దూరంగా చెట్టు నీడన కూర్చున్నారు. నక్క గొంతు సవరించుకుంది.

"అయ్యా! పనివాళ్ళను కన్నబిడ్డల్లా చూసుకున్నాను. తెచ్చిన సామాను తెచ్చినట్టు అప్పజెప్పాను…"

లోపల నీళ్ళు పందికొక్కుల పొట్టల్ని తాకాయి. చిన్నవాడు పెద్దవాణ్ణి పట్టి ఆపాడు.

"అన్నా, కింద ఇంక తవ్వలేం, మునిగిపోతాం."

"మేస్త్రి చాలనలేదురా. పక్కకు తవ్వుదాం. అదిగో, పైన ఆయన గొంతే! ఆ గొంతు వైపే తవ్వుకుంటూ పోతే, చాలన్నప్పుడు వినిపిస్తుంది."

అలా నక్క గొంతును పట్టుకుని ముగ్గురూ ఏటవాలుగా పైకి తవ్వుకుంటూ పోయారు. నక్క ఎంతసేపు మాట్లాడితే వాళ్ళకు దారి అంత తిన్నగా దొరికింది. ఉపన్యాసం మంచి ఊపులో ఉండగా వేదిక కింద మట్టి కదిలింది. అంచు విరిగింది. వేదిక, పూలదండ, నక్క కలిసి బావిలో పడ్డాయి.

తాను తీసిన గోతిలో తానే పడ్డట్టు అందామంటే, పాపం, నక్క ఏనాడూ గోటికి మట్టి అంటనివ్వలేదు.

విరిగిన అంచులోంచి మూడు మట్టి మూతులు పైకొచ్చాయి. పెద్ద పందికొక్కు బావిలోకి తొంగిచూసి వినయంగా అడిగింది. "మేస్త్రీ, చాలా? ఇంకా తవ్వమంటారా?"

"చాలు! చాలు! చాలర్రా బాబూ!" మెడలోతు నీళ్ళలోంచి నక్క ఏడ్చింది. "ఒరే ఎద్దూ, తాడు వెయ్యరా!"

ఎద్దు ముగ్గురు తమ్ముళ్ళ ఒంటి మీది మట్టి నాకడం పూర్తిచేసి, అప్పుడు నెమ్మదిగా వంగింది.

"తాడు కోతులకు పంపించేశారు కదండీ. ఎరువు సొమ్ము ఉంటే తమకు నిద్ర పట్టదాయె. రేపు పోయి తెస్తాలెండి."

నీతి: బావైనా, లోలోపల ఎన్నో చిన్న పనులు నడిపే కంప్యూటర్ ప్రోగ్రామైనా, మూసేముందు లోపల పనిచేస్తున్నవాళ్ళకు చాలని చెప్పాలి, వాళ్ళు బయటికొచ్చాకే తాడు చుట్టాలి.