గువ్వ మీద కన్నేసిన పానకాలు

ఎండలు ముదిరి ఏరు ఎండిపోయిందంటే ఆ అడవిలో ఎవరికీ కాలు నిలవదు. ఏటి ఇసకలో బండ్ల పందేలు మొదలవుతాయి. మనుషులు పారేసిన మోపెడ్ ఇంజన్లు, తోపుడుబండి చక్రాలు ఏరుకొచ్చి, ఎవరికి తోచినట్టు వాళ్లు బండి కట్టుకుంటారు. తొలకరి పడేలోగా మూడు పందేలు. ఆఖరిది పెద్ద పందెం. అందులో గెలిచినవాళ్ల మెడలో రేలపూల దండ పడుతుంది.

కుందేలు చుక్కికి ఆ దండ కలలోకి వచ్చేది. దండకంటే ఎక్కువగా తను నడిపే బండి వచ్చేది. ఆ బండికి గువ్వ అని పేరు పెట్టుకుంది. పొద్దుటి ఎండ దాని రేకు మీద పడితే బంగారు పిట్ట రెక్క విప్పినట్టుంటుందని మురిసిపోయేది.

"రెక్క కాదమ్మా, తుప్పు" అనేవాడు ముంగిస సోములు.

బండి కిందకి దూరి మరలు బిగించే పని సోములుది. అతను దూరడానికి బండిని కొమ్ములతో ఎత్తి పట్టుకునే పని ఎద్దు వీరాస్వామిది. వాళ్లకి జాకీ అన్నా అతనే, క్రేను అన్నా అతనే. సోములు కింద ఉన్నంతసేపూ వీరాస్వామి తుమ్మకూడదని ఒప్పందం.

మొదటి పందెంలో గువ్వ వెనక చక్రం ఊడిపోయి, బండిని దాటుకుని తనొక్కటే ముందుగా గీత దాటింది. చక్రం వస్తే బండి వచ్చినట్టు కాదని, పందేలకు పెద్దమనిషి అయిన తాబేలు తాత బాగా ఆలోచించి తీర్పు చెప్పాడు. సోములుకి తల కొట్టేసినట్టయింది. అప్పట్నుంచి ఒక్కో మరా విప్పి, తుడిచి, మళ్లీ బిగించాడు. రెండో పందెంలో గువ్వ అందరికంటే ముందొచ్చింది. దాని వెనకే, ముక్కు మీద దుమ్ముతో, నక్క పానకాలు.

పానకాలు బండి అడవిలోకెల్లా నున్నటి బండి. తనకంటే ముందు ఎవరైనా వెళ్తే అందులో ఏదో మోసం ఉందనుకోవడం అతని అలవాటు. తను ముందు వెళ్లినప్పుడల్లా ఉండేది మరి.

ఏటి పందేలకు ఒక కట్టుబాటుంది. గెలిచిన బండి మీద ఎవరికైనా అనుమానం వస్తే, తన బండి ఇచ్చేసి ఆ బండి తీసుకోవచ్చు. అడిగితే ఇవ్వాల్సిందే. ఆ తర్వాత ఇద్దరూ ఇష్టపడితే తప్ప బండ్లు మళ్లీ చేతులు మారవు. బండిలో దొంగపని చేస్తే ఆ దొంగపని పక్కవాడి పాలవుతుందని భయం ఉండాలని పెద్దలు పెట్టిన పద్ధతి.

పెద్ద పందెం ముందురోజు సాయంత్రం పానకాలు తోక ఊపుకుంటూ వచ్చాడు. ముందు యోగక్షేమాలడిగాడు. గువ్వ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. అప్పుడన్నాడు, "దీన్ని నాకిచ్చేయమ్మా చుక్కీ. నాది నువ్వు తీసుకో."

చుక్కి గువ్వకి అడ్డంగా నిలబడింది. గువ్వ లేకుండా రేపటి పొద్దు ఎలా ఉంటుందో కూడా ఊహించుకోలేకపోయింది.

వీరాస్వామే నెమ్మదిగా అందుకున్నాడు. "కట్టుబాటు కాదనలేం పానకాలూ. తీసుకెళ్లు. కానీ దీని గుణాలు తెలుసుకుని వెళ్లు. చేతి చక్రం తిన్నగా పట్టుకుంటే ఎడమకి లాగేస్తుంది, కాస్త కుడికే పట్టి ఉంచాలి. బ్రేకు మూడోసారి తొక్కితే గానీ పట్టదు."

పానకాలు పకపకా నవ్వాడు. ఇన్ని రోగాలున్న బండి తనని ఎలా దాటిందని అడిగాడు. చుక్కికి దాని నడత అలవాటని సోములు చెప్తే, నమ్మినట్టు తలూపి కన్ను గీటాడు.

"ఇలాంటి కబుర్లు చెప్పి నేను ఎంతమందిని బెదరగొట్టానో నీకేం తెలుసు వీరాస్వామీ. నా పాఠం నాకే చెప్తున్నావు."

అతను గువ్వని తీసుకెళ్తుంటే చుక్కి వెంట పరుగెత్తింది. బ్రేకు సంగతి మరిచిపోవద్దని బతిమాలింది. ఆమె భయం పానకాలు గురించి కాదు. గువ్వని ఏ గట్టుకో కొట్టేస్తాడేమోనని. మర్నాడు పందెం గీత దగ్గర కూడా మళ్లీ చెప్పింది. ఆమె చెప్పినకొద్దీ పానకాలుకి అది అబద్ధమన్న నమ్మకం గట్టిపడింది.

జెండా వాలింది. చుక్కికి పానకాలు బండి లొంగలేదు. గువ్వ అలవాటున చేతి చక్రం కుడికే పడుతుంటే ఆ బండి కుడి గట్టంతా రాసుకుంటూ పోయింది. ఆమె కళ్లు మాత్రం ముందు దూసుకుపోతున్న గువ్వ మీదే ఉన్నాయి.

ఏటి మలుపులో ఎడమపక్క గేదెలు పొర్లే బురదమడుగు ఉంది. పానకాలు చక్రం తిన్నగా పట్టుకున్నాడు. గువ్వ ఎడమకి లాగింది. అతను బ్రేకు తొక్కాడు, పట్టలేదు. ఇంకోసారి తొక్కాడు, పట్టలేదు. మూడోసారి తొక్కితే వీరాస్వామి మాట నమ్మినట్టవుతుందనుకున్నాడో ఏమో, తొక్కలేదు. బండీ తనూ కలిసి గేదెల మధ్యలో దిగారు.

"చెప్పాపెట్టకుండా వచ్చావేంటయ్యా" అని, ఒక గేదె పక్కకి జరిగి చోటిచ్చింది.

చుక్కి బండి ఆపేసింది. వెనక వస్తున్న అడవిపంది బండి ఆమెని దాటి గీతవైపు దూసుకుపోయింది. దండ పోయిందని ఆమెకి తెలుసు. అయినా అటు చూడలేదు. గువ్వ ముందు దీపం వరకూ బురదలో మునిగి ఉంది. దాని నెత్తిన పానకాలు కూర్చుని ఉన్నాడు.

"ఇది ఆగదు, తిన్నగా పోదు. నా బండి నాకిచ్చేయండి" అని కేకలేస్తున్నాడు.

వీరాస్వామి తాడు పట్టుకొచ్చాడు గానీ వెంటనే కట్టలేదు. "అడుగుతున్నది నువ్వేగా? బయటికొచ్చాక మాట మార్చవుగా?" అని తాపీగా అడిగాడు.

మార్చనని పానకాలు ప్రమాణం చేశాడు. ఒడ్డున చల్లగా కూర్చుని పందెం చూస్తున్న తాబేలు తాత, ఇద్దరికీ ఇష్టమేనా అని అడగబోయాడు. చుక్కి అప్పటికే బురదలో దిగి గువ్వ రేకుకి చెంప ఆనించి ఉంది. తాత ఇంకేం అడగలేదు.

వీరాస్వామి ఒక్క లాగు లాగితే గువ్వ ఒడ్డుకొచ్చింది. సోములు కిందకి దూరి చూశాడు. దీపం వంగింది, అంతే. ఒక్క మరా వదులవ్వలేదు. చుక్కి స్టార్టు తాడు లాగితే ఇంజను దగ్గింది, తుమ్మింది, తర్వాత హాయిగా గురక పెట్టింది. ఆమె గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు.

రాసుకుపోయిన తన నున్నటి బండిలో కూర్చుని పానకాలు ఇంకా సణుగుతూనే ఉన్నాడు.

"ముందే నిజం చెప్పి ఉండాల్సింది మీరు."

"చెప్పాం కదయ్యా" అన్నాడు సోములు.

"చెప్పారులే. కానీ నిజంలా చెప్పలేదు."

తన మాటలో నిజం లేనివాడికి ఎదుటివాడి మాటలో నిజం వినబడదు.