పడ్డవాడి మీద ఊళ

అనగనగా ఒక అడవిలో, వాగుకి ఈవల ఒక కాలేజీ, ఆవల ఒక కాలేజీ ఉండేవి. ఏడాదికోసారి రెండింటికీ కబడ్డీ పోటీ జరిగేది. ఆ ఒక్కరోజు ఎవరూ ఎవరినీ తినకూడదని అడవి అంతటికీ కట్టుబాటు. అందుకని పులి పక్కన జింక, పాము పక్కన కప్ప కూర్చుని హాయిగా ఆట చూసేవి. కప్ప మాత్రం కాస్త ఎడంగా కూర్చునేదనుకోండి!

ఈవలగట్టు కాలేజీలో ముత్యాలు అనే నక్క చదువుకునేది. దానికి పరుగు రాదు, పట్టు రాదు. కానీ గొంతు ఉందే, అబ్బో! ఒక్క ఊళ వేసిందంటే అవతలి కొండకు తగిలి తిరిగొచ్చేది. జట్టులో చోటు దొరకని ముత్యాలుకి ఆ గొంతే ఆట. ఎదుటి జట్టువాడు కూతకు వచ్చాడంటే చాలు, "ఊఊఊ!" అని అందుకునేది. దాని వెనకాల వందమంది అందుకునేవారు.

ఆ ఏడు పోటీ ఈవలగట్టు మైదానంలోనే. ముత్యాలు పొద్దున్నే వచ్చి ముందు వరసలో చోటు పట్టుకుంది. ఆట మొదలయ్యే వేళకి ఒక పెద్ద వయసు కుందేలు ఆయాసపడుతూ వచ్చింది. ఆమె పేరు మునెమ్మ.

"ఇక్కడ కూర్చోనా అమ్మాయ్? ఎక్కడా జాగా లేదు" అంది.

"దానికేం పెద్దమ్మా, రా" అని ముత్యాలు జరిగింది.

మునెమ్మ తన మూట విప్పి గుప్పెడు రేగుపళ్ళు దాని చేతిలో పోసింది. ఈవలగట్టున కుందేళ్ళు బోలెడు. తమ ఊరామే అనుకుంది ముత్యాలు.

ఎలుగుబంటి మాస్టారు ఈల ఊదారు. ఆవలగట్టు జట్టు నుంచి చెంగల్రాయుడనే కుర్ర కుందేలు మొదటి కూతకు వచ్చాడు. వాడికి ఒక చెవి నిండుగా ఉంది, రెండోది సగమే ఉంది.

"ఊఊఊ! ఓ కుందేలు బాబూ! ఇటు గడ్డి లేదు, వెనక్కి పో!" అని అరిచింది ముత్యాలు.

జనమంతా ఒకటే నవ్వు. చెంగల్రాయుడికీ నవ్వొచ్చింది. అయినా కూత ఆపకుండా, ఈవలగట్టు కెప్టెన్ అడవిపంది మోకాలు తాకి, చెంగున గీత దాటి వెళ్ళిపోయాడు.

మునెమ్మ కూడా నవ్వింది. "భలే గొంతే నీది!" అంది. ముత్యాలు పొంగిపోయింది.

ఆట సాగుతున్నకొద్దీ చెంగల్రాయుడు ఒక్కో పాయింటూ పట్టుకుపోతున్నాడు. వాడిని ఎవరూ ఆపలేకపోతున్నారు. ముత్యాలుకి ఒళ్ళు మండింది. వాడు మళ్ళీ కూతకు రాగానే ఈసారి వేరే మాట అందుకుంది.

"ఒంటిచెవోడు! ఒంటిచెవోడు!"

జనానికి ఆ మాట నచ్చింది. చప్పట్లు కొడుతూ అందరూ అదే అరిచారు. చెంగల్రాయుడు ఒక్క క్షణం తల తిప్పి జనం వైపు చూశాడు. ఆ ఒక్క క్షణం చాలు. అడవిపంది వాడి నడుం దొరకబుచ్చుకుంది. ఔట్!

ముత్యాలు గెంతులేసింది. "చూశావా పెద్దమ్మా! నా ఒక్క కేకకి ఎలా దొరికిపోయాడో!"

నోటిదాకా వెళ్ళిన రేగుపండు మునెమ్మ చేతిలోనే ఉండిపోయింది. సంబరంలో ఉన్న ముత్యాలు అది చూసుకోలేదు.

కాసేపటికి చెంగల్రాయుడు మళ్ళీ ఆటలోకి వచ్చాడు. మళ్ళీ కూతకు వచ్చాడు. ఈసారి ముగ్గురు కలిసి వాడి మీద పడ్డారు. దుమ్ము లేచింది. ముగ్గురూ లేచారు. వాడు లేవలేదు. కాలు పట్టుకుని నేల మీద ముడుచుకుపోయాడు.

"ఒంటిచెవికి తోడు ఇప్పుడు ఒంటికాలు!" అని వెనక నుంచి ఒక కోతి అరిచింది. జనం గొల్లుమన్నారు. ఊళలు, ఈలలు. ముత్యాలు కూడా తల ఎత్తి, నోరు తెరిచింది.

సరిగ్గా అప్పుడే పక్కనున్న మునెమ్మ గబుక్కున లేచింది. ఒళ్ళోని మూట జారి రేగుపళ్ళన్నీ దొర్లిపోయాయి. ఆమె వాటిని చూడనే లేదు.

"ఎక్కడికి పెద్దమ్మా? ఆట అవలేదుగా!"

"దారి ఇవ్వు తల్లీ. కింద పడినవాడు నా కొడుకు."

ముత్యాలు తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. "ఆ చెవి..." అని మాత్రం అనగలిగింది.

"వాడు పసివాడప్పుడు అడవి అంటుకుంది" అంది మునెమ్మ. "వాడి చెవి ముళ్ళకంపలో చిక్కుకుంది. ఎంత లాగినా రాలేదు. మంట మీదికి వచ్చేస్తోంది. నేనే ఆ చెవి కొరికి తెంపి, వాడిని నోట కరుచుకుని పరిగెత్తాను."

ఆ మాట చెప్పి ఆమె జనంలోకి తోసుకుంటూ వెళ్ళబోయింది. ఎవరూ జరగడం లేదు. ఆ గోలలో ఆమె మాట ఎవరికి వినపడుతుంది?

ముత్యాలు ఒక అడుగు వెనక్కి వేసింది. మెల్లగా జారుకుంటే ఎవరూ అడగరు. ఆ మాట ఎవరు మొదలుపెట్టారో రేపటికి మరిచిపోతారు కూడా. పోదామనే అనుకుంది. కానీ ఆ గోలంతా తన గొంతులోంచి పుట్టిందే. ఎలా పోతుంది?

పక్కనున్న బండ ఎక్కింది. పుట్టి బుద్ధెరిగాక వేయనంత పెద్ద ఊళ వేసింది. కొత్త కేక ఏదో నేర్పుతుందేమోనని జనమంతా నోరు మూసుకుని చెవులు రిక్కించారు.

"చాలు, ఆపండి!" అంది ముత్యాలు. "ఆ ఒంటిచెవి మాట మొదలుపెట్టింది నేను. తప్పు నాదే. పడ్డవాడి మీద అరవొద్దు. ఈమె వాడి తల్లి. దారి ఇవ్వండి."

"నువ్వసలు ఎవరి వైపే?" అంది కోతి.

"మన వైపే. అందుకే సిగ్గేస్తోంది."

జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. మునెమ్మ పరుగున వెళ్ళి కొడుకు కాలు ఒళ్ళో పెట్టుకుంది. ఎముక విరగలేదు, చీలమండ బెణికిందంతే. వాడు తల్లి భుజం పట్టుకుని లేచి నిలబడ్డాడు. ముత్యాలు ముందుగా చప్పట్లు కొట్టింది. తర్వాత మైదానమంతా కొట్టింది. కోతి కూడా కొట్టింది, కాస్త ఆలస్యంగా.

ఆట ముగిసేసరికి ఈవలగట్టు వాళ్ళు ఒక్క పాయింటుతో గెలిచారు. డప్పులు మోగాయి. ముత్యాలు మాత్రం డప్పుల దగ్గరికి పోకుండా అవతలి జట్టు దగ్గరికి వెళ్ళింది.

"తప్పయిపోయింది చెంగల్రాయుడూ. మన్నించు" అంది.

"గడ్డి లేదన్న కేక నీదేగా? నవ్వొచ్చి కూత ఆగిపోయినంత పనైంది, తెలుసా!" అన్నాడు వాడు. "అలాంటి గోల లేకపోతే పరాయి గడ్డ మీద ఆడినట్టే ఉండదు."

"మరి రెండో మాట?"

వాడు తన సగం చెవి తడుముకున్నాడు. "చెవి గురించి అనిపించుకోవడం నాకు అలవాటే. కానీ అమ్మ నీ పక్కనే కూర్చుంది. ఆ మాట విని ఆమె మొహం ఎలా అయిందోనని అటు చూశాను. అంతే, దొరికిపోయాను."

తాము గెలిచింది ఒక్క పాయింటుతోనే. అది ఏ పాయింటో ముత్యాలుకి అర్థమైంది. వెళ్ళి కెప్టెన్ అడవిపందికి అంతా చెప్పింది.

అది ముట్టె గోక్కుని, "నా పట్టు గట్టిదనుకున్నానే!" అని నీరసంగా కూర్చుండిపోయింది.

మరుసటి ఏడు పోటీ ఆవలగట్టున. బయల్దేరే ముందే ముత్యాలు తన వాళ్ళందరినీ కూర్చోబెట్టి చెప్పింది. "కూతకు వచ్చినప్పుడు కొండలు అదిరేలా అరవండి. ఒంటి మీద, ఇంటి మీద మాట అనకండి. ఎవరైనా కింద పడితే, లేచేదాకా గప్‌చుప్!"

ఆ రోజు ఈవలగట్టు వాళ్ళు అరిచిన అరుపులకి ఆవలగట్టు వాళ్ళు కూడా పొట్ట పట్టుకుని నవ్వారు. చెంగల్రాయుడు మాత్రం నవ్వుతూనే నాలుగు పాయింట్ల తేడాతో తన జట్టుని గెలిపించేశాడు.

ముత్యాలు గొంతు పూర్తిగా బొంగురుపోయింది. మునెమ్మ వచ్చి దాని వీపు తట్టి, "ఓడిపోయారు కదే, ఇంకా ఈ హుషారేమిటి?" అంది.

"ఓడింది ఆటలోనే పెద్దమ్మా" అంది ముత్యాలు, ఆ బొంగురు గొంతుతోనే. "అరవడంలో మేమే గెలిచాం!"

నీతి: ఎదుటి జట్టు ఆటను సరదాగా ఎంతైనా గేలి చేయవచ్చు, ఆడేవారి ఒంటిని, వారి బాధను ఎన్నడూ గేలి చేయకూడదు.