ఓబులేసు ఇంటి కుక్క

పరదేశయ్య గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడి ముఖంలోకి కాసేపు చూసి, ఆ ప్రశ్న ఒంట్లో పుట్టిందో, పుస్తకంలో పుట్టిందో తేల్చుకునేవారు. ఒంట్లో పుట్టినదైతే పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడేవారు. పుస్తకంలో పుట్టినదైతే లేచి చెప్పులు తొడుక్కునేవారు. అడిగినవాడు కూడా వెంట నడవాలన్నమాట. కదిరి వైపు కొండల నడుమ ఉన్న ఆయన చిన్న ఆశ్రమంలో శిష్యులు ఎక్కువమంది లేరు. ఉన్నవాళ్ళలో శ్రీకంఠం బాగా చదువుకున్నవాడు, సున్నితమైనవాడు. దారిలో చీమల బారు కనిపిస్తే ఆగి, చుట్టూ తిరిగి పోయేవాడు. అందుకు అతనికి లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

ఒకనాటి ఉదయం పాఠం మధ్యలో అతను అడిగాడు. "గురువుగారూ, ఇక కోలుకోని ప్రాణి బాధపడుతుంటే దానికి చావునివ్వడం దయ అవుతుందా, హింస అవుతుందా? పెద్దలు రెండు రకాలుగానూ చెప్పారు. నాకు మాత్రం అది హింసేననిపిస్తుంది."

పరదేశయ్య గారు లేచి చెప్పులు తొడుక్కున్నారు.

ఆయన నేరుగా ఆశ్రమానికి పాలు పోసే గంగులమ్మ ఇంటికి నడిచారు. ముందురోజు ఆమె పాలు పోస్తూ గురువుగారితో ఏదో చెప్పి కళ్ళు తుడుచుకోవడం శ్రీకంఠం దూరం నుంచి చూశాడు గానీ, సంగతేమిటని అడగలేదు. ఇప్పుడు పంచలోకి అడుగుపెట్టగానే తెలిసింది. గోనెపట్టా మీద బూడిద రంగు కుక్క ఒకటి పడుకుని ఉంది. ముందు సగం ఎప్పటిలాంటి కుక్కే. కొత్తవాళ్ళను చూసి చెవులు నిక్కబొడిచి గుర్రుమంది కూడా. నడుము నుంచి వెనక సగం మాత్రం పిండి పారేసిన గుడ్డలా నేలకు అంటుకుపోయి ఉంది. శ్రీకంఠం చప్పున చూపు తిప్పుకున్నాడు.

"మా ఆయన ట్రాక్టరు ఎనక్కి తీస్తా చూసుకోలేదు సామీ," అన్నది గంగులమ్మ. "పెద్ద చక్రం నీడలో పండుకోనుండాది. ఇంజను సప్పుడైతే చాలు, లేసి పొయ్యేది. ఈ నడుమ దానికి చెవులు సరిగా ఇనపడ్డం లేదు. పశువుల డాక్టరు నిన్న వచ్చి చూసినాడు. ఎన్నెముక ఇరిగిపోయింది, ఇంక లేసేది లేదు, బాధ లేకుండా సూదేస్తా అన్నాడు. మీరంతా ఒక మాట మీద ఉండండి, మళ్ళీ వస్తా అని చెప్పి పోయినాడు. మా ఇంట్లో ఆ ఒక్క మాటే కుదర్లేదు."

ఆమె అత్త చెన్నమ్మ గడప మీద కూర్చుని ఉంది. "ఇంటి బువ్వ తిన్న కుక్కను ఇంట్లోనే సంపుకుంటామా? పోయేదైతే అదే పోతాది," అన్నది. గంగులమ్మ భర్త ఓబులేసు దూరంగా గొడ్లపాక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కుక్క ఉన్న వైపు చూడటం లేదు. "నా చేత్తోనే దాన్ని తొక్కించి, మల్లా నేనే సూదెయ్యమని ఎట్ల చెప్పేది? చేసిన పాపం చాలదా?" అన్నాడు.

గంగులమ్మ గొంతు పెంచలేదు. "నీకు రెండో పాపం తగలకుండా ఉండేదానికి, అది ఇంకెంత ఓర్సుకోవల్లయ్యా?"

ఓబులేసు గురువుగారి వైపు తిరిగి చేతులు జోడించాడు. "సామీ, మీరు చెప్పండి. మీరు యాది చెబితే అదే చేస్తాము."

"దాన్ని పెంచింది నువ్వు," అని మాత్రం అన్నారు పరదేశయ్య గారు. అని, పంచ చివర ఉన్న మంచం మీద కూర్చున్నారు.

ఆ జవాబుకు శ్రీకంఠం నివ్వెరపోయాడు. దిక్కుతోచని మనిషికి ఇంత ముక్తసరిగా చెబుతారా అనిపించింది. ఆ లోటు తనైనా తీర్చాలనుకుని, ప్రాణం పోయలేని మనకు ప్రాణం తీసే అధికారం లేదనీ, ఆ జీవుడి కర్మ ఎంతవరకు ఉంటే అంతవరకు సేవ చేయడమే మన ధర్మమనీ మెల్లగా, చక్కగా చెప్పాడు. చెన్నమ్మ చేతులు జోడించింది. గంగులమ్మ అంతా విని, "అట్లనే సామీ. అయితే కొంచెంసేపు దాని దగ్గర కూసోండి. నేను గొడ్లకు నీళ్ళు పెట్టొస్తా," అని వెళ్ళిపోయింది.

శ్రీకంఠం కూర్చున్నాడు. కాసేపటికి కుక్క గుర్రుమనడం మాని, గడ్డాన్ని అతని పాదం మీద ఆనించింది. అతనికి సంతోషం కలిగింది. తన మాట నిజమేననిపించింది. అంతలోనే అది ముందు కాళ్ళతో నేలను గీకుతూ ముందుకు ఈడ్చుకోసాగింది. దాహమేమోనని నీళ్ళు పెట్టాడు. అది ముఖం తిప్పుకుని మళ్ళీ ఈడ్చుకుంది. ఈడ్చుకున్నప్పుడల్లా దాని గొంతులోంచి సన్నటి శబ్దం వస్తోంది. అది ఏడుపులా లేదు, మొరుగులా లేదు. అటువంటి శబ్దం అతను మునుపెన్నడూ వినలేదు.

"ఏం కావాలమ్మా దీనికి?" అన్నాడు కంగారుగా.

"పంచలో పాడు చెయ్యదు సామీ," అన్నది చెన్నమ్మ. "కూనగా వచ్చినప్పటి నుంచీ అంతే. వాకిలి దాటి పోవల్లని చూస్తాండాది."

ఎత్తి బయటికి దించుదామని అతను దాని పొట్ట కింద చెయ్యి పెట్టాడు. అది ఒక్కసారి కెవ్వుమని తల తిప్పింది. పళ్ళు అతని మణికట్టు మీద పడ్డాయి. కానీ దిగలేదు. అంత నొప్పిలోనూ అది తనను తాను ఆపుకుని, పట్టు విడిచి, ఆ చేతిని చూస్తూ ఉండిపోయింది. పంచ అంచు ఇంకా జానెడు దూరం ఉండగానే దాని కింద నేల తడిసింది. అందులో నెత్తురు ఉంది. కుక్క చెవులు వెనక్కి వాల్చి, తల దించి, ఎవరి ముఖమూ చూడకుండా గోడ వైపు తిరిగింది. కుక్కకు సిగ్గుంటుందని శ్రీకంఠం ఏ పుస్తకంలోనూ చదవలేదు.

"డాక్టరును రమ్మనండి," అన్న మాట వినిపించింది. అది తన గొంతేనని తెలియడానికి అతనికి ఒక క్షణం పట్టింది.

చెన్నమ్మ అతని వైపు చూసింది. "ఇందాక మీరే కద సామీ..." అని ఆగిపోయింది. ముసలామె మెల్లగా లేచి, పాతగుడ్డ తడిపి తెచ్చి, కుక్కను తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ, తల ఎత్తకుండానే, "ఓబులేసూ, రమ్మని చెప్పు నాయనా," అన్నది.

అప్పుడు వచ్చాడు ఓబులేసు, గోడను వదిలి. అతను పంచ ఎక్కేసరికి కుక్క మొహం వెలిగింది. చెవులు ఆడాయి, మెడ ఆడింది, ముందు కాళ్ళు ఆత్రంగా నేలను తట్టాయి, భుజాలు అటూ ఇటూ ఊగాయి. తోక మాత్రం ఎక్కడ పడి ఉందో అక్కడే పడి ఉంది. తోక ఊపుతున్నాననే అది అనుకుంటున్నట్టుంది. ఓబులేసు ఆ తోకను చూశాడు. చూస్తూనే కూలబడిపోయి, దాని తలను ఒళ్ళోకి తీసుకున్నాడు.

"డాక్టరుకు ఫోన్ చెయ్యి మే," అన్నాడు, గొడ్లకు నీళ్ళు పెట్టి వచ్చిన భార్యతో. "నేనే పట్టుకుంటా. ఇంకెవురూ వద్దు."

డాక్టరు వచ్చాడు. మొదటి సూది నిద్రకు, రెండోది ఆఖరిదని చెప్పాడు. మొదటిది వేశాక కుక్క ఓబులేసు అరచేతిని నాకుతూ ఉంది. ట్రాక్టరు నడిపిన చెయ్యే అది. కుక్కకు ఆ లెక్క తెలియదు. నాకడం నెమ్మదించి, నాలుక చేతి మీదే ఆగిపోయింది. రెండో సూది తరువాత డాక్టరు గుండె మీద స్టెతస్కోపు ఆనించి, విని, తల ఊపాడు. ఓబులేసు ఏడవలేదు. ఆ తలను చాలాసేపు దించనూ లేదు. గంగులమ్మ గడ్డపార తెచ్చి పక్కన పెట్టినప్పుడు లేచి, కుక్కను తన పైపంచెలో చుట్టుకుని, చేను గట్టుకు ఒక్కడే మోసుకుపోయాడు. సాయానికి శ్రీకంఠం లేవబోతే పరదేశయ్య గారు వద్దని సైగ చేశారు.

తిరుగు దారిలో గురువుగారు ముందు, శ్రీకంఠం వెనక నడిచారు. మణికట్టు మీద పళ్ళ గుర్తులు అప్పటికే మాసిపోతున్నాయి. అవి పూర్తిగా పోకముందే ఏదో ఒకటి తేలిపోవాలని అతనికి తపనగా ఉంది. పాపం జరిగిందన్న భయమైనా కలగడం లేదు, మంచి జరిగిందన్న తృప్తి అయినా కలగడం లేదు. ఇక ఉండలేక అడిగాడు. "అది దయేనని ఒక్క మాట చెప్పండి గురువుగారూ. మనసు కుదుటపడుతుంది."

పరదేశయ్య గారు నడక ఆపలేదు.

"ఎవరి మనసు?" అన్నారు.